డౌన్‌లోడ్ బటన్ వెనక అప్‌లోడ్: బ్రౌజర్‌లో టొరెంట్ ఉండాలా?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్లకి మైకు వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ్టి ప్రశ్న పైకి చిన్నదే. బ్రౌజర్‌లో ఫైలు లింకు నొక్కితే అది ఒక సర్వర్ నుంచి దిగుతుంది. టొరెంట్ లింకు నొక్కితే మాత్రం ‘ఇంకో సాఫ్ట్‌వేర్ వేసుకో’ అంటుంది. ఆ రెండో పని కూడా బ్రౌజరే చేసిపెట్టాలా, వద్దా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టొరెంట్‌లో రెండు పనులు కలిసి ఉన్నాయి. వచ్చిన ప్రతి ముక్కనూ సరిచూసుకుంటూ నాలుగు చోట్ల నుంచి తెచ్చుకోవడం ఒకటి. తెచ్చుకున్నదాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్లకి మన కంప్యూటర్ నుంచి పంచడం రెండోది. మొదటిది బ్రౌజర్లలోకి ఎప్పుడో రావలసింది. రెండోది మనల్ని అడగకుండా రాకూడదు. ఇన్నాళ్లుగా వాదన తెగకపోవడానికి కారణం ఈ రెంటినీ ఒకే మూటగా చూడటమే.

ఇప్పుడు బ్రౌజర్ ఏం చేస్తోందో చూద్దాం. ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను వేసుకోవడానికి దించుకునే డిస్క్ ఫైలు, అంటే డెస్క్‌టాప్ ఐఎస్‌ఓ, దాదాపు 6 జీబీ ఉంటుంది. లింకు నొక్కగానే బ్రౌజర్ హెచ్‌టీటీపీలో అడుగుతుంది, సర్వర్ ఫైలు పొడవు చెప్పి బైట్లు వరసగా పంపడం మొదలుపెడుతుంది. సగంలో కరెంటు పోయిందనుకోండి. క్రోమ్ అప్పటిదాకా వచ్చింది సీఆర్‌డౌన్‌లోడ్ అనే తోకతో దాచి ఉంచుతుంది. రెజ్యూమ్ నొక్కితే ‘340 కోట్లవ బైటు నుంచి పంపు’ అని అడుగుతుంది. సర్వర్ 206 అనే కోడ్‌తో మిగతా భాగం పంపితే మన అదృష్టం. 200 అని పంపిందంటే మళ్లీ మొదటి బైటు నుంచే.

200 ఎందుకొస్తుంది? కొన్ని సర్వర్లకు మధ్యలోంచి పంపడమే చేతకాదు. ప్రోగ్రాం అప్పటికప్పుడు తయారుచేసి ఇచ్చే జిప్ ఫైళ్లు చాలావరకు ఈ కోవలోవే. కొన్ని చోట్ల ఒకే పేరు వెనక పది సర్వర్లుంటాయి. ప్రతి ఫైలుకీ ఈట్యాగ్ అని ఒక గుర్తు ఇస్తారు. మొదటిసారి తగిలిన సర్వర్ ఇచ్చిన గుర్తూ, రెండోసారి తగిలిన సర్వర్ ఇచ్చిన గుర్తూ వేరైతే ఫైలు మారిపోయిందనుకుని మొత్తం మళ్లీ పంపుతారు. లోపల ఫైలు ఒక్కటే అయినా సరే. ఇక కొన్ని లింకులకు గడువుంటుంది. గంట దాటాక అడిగితే 403 అని తలుపు వేసేస్తాయి. రాత్రంతా డౌన్‌లోడ్ పెట్టి పొద్దున్నే ‘ఫెయిల్డ్’ అని చూసేవాళ్ల సమస్య చాలాసార్లు ఇదే. తప్పు వాళ్ల నెట్‌ది కాకపోవచ్చు.

ఇంతకన్నా పెద్ద లోపం ఒకటుంది. ఫైలు మొత్తం దిగాక అది సరైన ఫైలేనా అని బ్రౌజర్ చూడదు. పొడవు సరిపోతే చాలు, పని అయిపోయిందంటుంది. విచిత్రం ఏమిటంటే, క్రోమ్ డౌన్‌లోడ్ అయిన ఫైలుకు లోపల షా-256 హ్యాష్, అంటే బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంఖ్య, లెక్కిస్తుంది. ప్రమాదకరమైన ఫైళ్లను పట్టే సేఫ్ బ్రౌజింగ్‌కి అది కావాలి. ఆ లెక్క మనకు మాత్రం చూపదు. వెబ్ పేజీలో లింకు పక్కన ‘ఈ ఫైలు హ్యాష్ ఇది’ అని రాసిస్తే, దానితో పోల్చి చెప్పే ఏర్పాటూ లేదు. స్క్రిప్టులకీ స్టైల్‌షీట్లకీ అలాంటి ఏర్పాటు వెబ్‌లో ఉంది. ప్రోగ్రాం ఇన్‌స్టాలర్‌కు లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

టొరెంట్ దీన్ని వేరే దారిలో చేస్తుంది. బ్రామ్ కోహెన్ 2001లో రాసిన పద్ధతి ఇది. ఫైలును సమానమైన ముక్కలు చేస్తారు. 6 జీబీ ఫైలును 256 కేబీ ముక్కలు చేస్తే 24,576 ముక్కలు. ప్రతి ముక్కకీ షా-1 హ్యాష్ 20 బైట్లు. ఈ హ్యాష్‌లన్నీ రాసి ఉండే చిన్న ఫైలునే టొరెంట్ ఫైలు అంటారు, అందులో హ్యాష్‌లే 480 కేబీ అవుతాయి. అది మరీ బరువనుకుంటే ముక్కను 1 ఎంబీ చేస్తారు, అప్పుడు 6,144 ముక్కలు, 120 కేబీ హ్యాష్‌లు. ముక్క చిన్నదైతే పాడైనప్పుడు తిరిగి తెచ్చుకోవలసింది తక్కువ, కానీ టొరెంట్ ఫైలు పెద్దది. ముక్క పెద్దదైతే ఇది తిరగబడుతుంది. నెట్‌వర్క్ మీద అసలు ప్రయాణించేది ముక్క కూడా కాదు, 16 కేబీ బ్లాకు. 256 కేబీ ముక్కకు 16 బ్లాకులు. పదహారూ వచ్చాక హ్యాష్ కలిస్తే ముక్క డిస్కులో ఉంటుంది, ఆ క్షణం నుంచి దాన్ని ఇతరులకు ఇవ్వడానికి మనం సిద్ధం. కలవకపోతే ఆ ముక్క పారేసి మళ్లీ అడుగుతుంది.

ఏ ముక్క ముందు తేవాలి? గుంపులో అన్నింటికన్నా తక్కువమంది దగ్గరున్న ముక్కను. హాస్టల్లో ఒకే నోట్సు ఉంటే తలా ఒక చాప్టర్ జిరాక్స్ తీయించుకుని మార్చుకుంటారు చూడండి, అందరూ మొదటి చాప్టరే తీయిస్తే మార్చుకోవడానికి ఏమీ మిగలదు. ఎవరికి ఇవ్వాలి? మనకు బాగా పంపుతున్న నలుగురికి. ప్రతి 10 సెకన్లకూ ఈ లెక్క మళ్లీ చూస్తారు. కొత్తగా వచ్చినవాడి దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు కాబట్టి, 30 సెకన్లకోసారి ఎవరో ఒకరికి ఊరికే ఒక అవకాశం ఇస్తారు. ఇవ్వనివాడికి రాదు. ఈ ఒక్క సూత్రం వల్లే ఇది ఇన్నేళ్లు నిలిచింది. బ్రౌజర్ విషయంలో గొడవంతా కూడా ఈ సూత్రం దగ్గరే ఉంది, దానికి మళ్లీ వస్తాను.

ఈ హ్యాష్ ఎంత పనికొస్తుందో ఒక ఉదాహరణ. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకి చొరబడి, 17.3 సిన్నమన్ ఐఎస్‌ఓ లింకును దొంగ దారి ఉన్న ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. సైట్‌లో ఆ లింకు నొక్కినవాళ్లకి చెడ్డ ఫైలు వచ్చింది. టొరెంట్ ద్వారా తెచ్చుకున్నవాళ్లకి ఇబ్బంది లేదని ప్రాజెక్టు వాళ్లే ప్రకటించారు. అలాగని టొరెంట్ అంటే క్షేమం అని రాసుకోకండి. దాడి చేసినవాళ్లు ఆ పేజీలోని టొరెంట్ ఫైలునే మార్చి ఉంటే? అందులోని హ్యాష్‌లన్నీ దొంగ ఐఎస్‌ఓకే సరిపోయేవి, క్లయింట్, అంటే టొరెంట్ నడిపే సాఫ్ట్‌వేర్, సంతోషంగా పచ్చ టిక్కు పెట్టేది. ‘ఆ పేజీలో చెప్పిన ఫైలు ఇదే’ అని మాత్రమే హ్యాష్ చెప్పగలదు. పేజీనే మోసపోతే, ప్రాజెక్టు వాళ్లు డిజిటల్ సంతకం చేసిన చెక్‌సమ్ ఫైలే, అంటే హ్యాష్‌లు రాసిన ఫైలే, దిక్కు.

సరే, చరిత్ర. బ్రౌజర్లో టొరెంట్ పెట్టినవాళ్లు లేరనుకోకండి. ఒపెరా 2006 జూన్‌లో వచ్చిన 9వ వెర్షన్‌లోనే పెట్టింది. మామూలు డౌన్‌లోడ్ల జాబితాలోనే టొరెంటూ కనిపించేది. 2013లో ఒపెరా తన సొంత ఇంజన్ వదిలేసి క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం మీదికి వచ్చినప్పుడు 15వ వెర్షన్‌లో అది పోయింది. బిట్‌టొరెంట్ కంపెనీయే 2014 డిసెంబర్‌లో మేల్‌స్ట్రామ్ అనే బ్రౌజర్ ప్రకటించింది, అది నిలదొక్కుకోలేదు. బీకర్ అనే బ్రౌజర్ ఇంకో అడుగు ముందుకేసి వెబ్‌సైట్లనే మనిషి నుంచి మనిషికి పంచుదామంది, 2022 చివర్లో ఆ ప్రాజెక్టు మూతపడింది. బ్రేవ్ టొరెంట్ తెచ్చింది, 2021 జనవరిలో ఐపీఎఫ్ఎస్ అనే, ఫైళ్లను చాలా కంప్యూటర్ల మధ్య పంచే ఇంకో పద్ధతి కూడా తెచ్చింది. ఆ ఐపీఎఫ్ఎస్‌ను 2024లో తీసేసింది.

తీసేయడం తేలికైన నిర్ణయమేమీ కాదు, కానీ లెక్క సులువు. బ్రౌజర్లో ఒక ప్రోటోకాల్ ఉందంటే దాన్ని ప్రతి నెలా ఎవరో ఒకరు కాచుకోవాలి. ఫైళ్లు దించుకోవడానికి దశాబ్దాలుగా ఉన్న ఎఫ్‌టీపీ పద్ధతినే ఫైర్‌ఫాక్స్ 2021 జులైలోనూ, క్రోమ్ అదే ఏడాది అక్టోబర్‌లోనూ పూర్తిగా వదిలించుకున్నాయి. వాడేవాళ్లు కొద్దిమంది, కోడ్ పాతది, భద్రత లేదు. ఎఫ్‌టీపీకే ఈ గతి పట్టినప్పుడు టొరెంట్ అంతకన్నా బరువైన బాధ్యత. ఎఫ్‌టీపీలో మనం వెళ్లేది ఒక సర్వర్ దగ్గరికి. టొరెంట్‌లో వందమంది అపరిచితులు పంపిన డేటాను బ్రౌజర్ విప్పి చదవాలి. 2015లో పరిశోధకులు చూపించారు, యూటీపీ అనే రవాణా పద్ధతినీ, ఫైలు ఎవరి దగ్గరుందో వెతికిపెట్టే డీహెచ్‌టీనీ వాడుకుని, మూల చిరునామా మార్చిన చిన్న ప్యాకెట్‌తో మూడోవాడి మీదికి పెద్ద వరద మళ్లించవచ్చని. వందల కోట్లమంది వాడే బ్రౌజర్లో ఆ లోపం ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

అలాగని విడిగా ఉన్న క్లయింట్ క్షేమమనీ చెప్పలేం. 2018 మొదట్లో భద్రతా లోపాలు వెతికే గూగుల్ ప్రాజెక్ట్ జీరోలో పనిచేసే ట్యావిస్ ఓర్మాండీ ట్రాన్స్‌మిషన్, మ్యూటొరెంట్ అనే క్లయింట్లలో లోపాలు బయటపెట్టారు. ఆ క్లయింట్లు మన కంప్యూటర్లో ఒక చిన్న సర్వర్ నడుపుతాయి, రిమోట్‌గా వాడుకోవడానికి. మనం బ్రౌజర్లో ఏదో చెత్త సైట్ తెరిస్తే, ఆ సైట్ డీఎన్ఎస్ (సైట్ పేర్లను చిరునామాలుగా మార్చే వ్యవస్థ) కిటుకుతో ఆ సర్వర్‌తో మాట్లాడి ఆజ్ఞలు ఇవ్వగలిగింది. కాబట్టి క్లయింట్ వాడేవాళ్లు రెండు పనులు చేయండి. వెబ్ ఇంటర్‌ఫేస్ అక్కర్లేకపోతే ఆపేయండి. కావాలంటే గట్టి పాస్‌వర్డ్ పెట్టండి.

ఇక్కడ కొందరికి సందేహం వస్తుంది, ‘వెబ్‌టొరెంట్ ఉంది కదా, పేజీలోంచే టొరెంట్ నడుస్తోంది కదా’ అని. నడుస్తోంది. కానీ అది వేరే గుంపు. వెబ్ పేజీలోని జావాస్క్రిప్ట్‌కి మామూలు టీసీపీ కనెక్షన్ తెరిచే అధికారం లేదు. అందుకే వెబ్‌టొరెంట్ వీడియో కాల్స్ కోసం పెట్టిన వెబ్‌ఆర్‌టీసీని వాడుకుంటుంది. మామూలు క్లయింట్లలో చాలావాటికి ఆ భాష రాదు. గుంపులో వెయ్యిమంది సీడర్లు, అంటే మొత్తం ఫైలు ఉండి పంచేవాళ్లు, ఉన్నా పేజీకి సున్నా కనిపించేది అందుకే. పైగా ఇద్దరు ఒకరినొకరు వెతుక్కోవడానికి వాళ్లని కలిపే సర్వర్, అంటే వెబ్‌సాకెట్ ట్రాకర్, ఒకటి నడుస్తూ ఉండాలి, ట్యాబ్ మూస్తే సీడరూ మాయం. పీర్‌ట్యూబ్ వీడియో వేదిక దీనితోనే మొదలై, 2023లో వచ్చిన 6వ వెర్షన్‌తో దీన్ని వదిలేసి, మామూలు స్ట్రీమింగ్‌కి పీర్ల, అంటే అదే ఫైలు పంచుకుంటున్న ఇతర కంప్యూటర్ల, సాయం జోడించే పద్ధతికి మారిపోయింది. బ్రేవ్‌లో పరిస్థితి వేరు, అక్కడ ఆ కోడ్‌కి నేరుగా కనెక్షన్లు తెరిచే సాకెట్ అధికారం బ్రౌజరే ప్రత్యేకంగా ఇచ్చింది.

బ్రేవ్ ఒక మంచి పని చేసింది. టొరెంట్ లింకు నొక్కగానే డౌన్‌లోడ్ మొదలుపెట్టకుండా ఒక పేజీ చూపేది. స్టార్ట్ నొక్కితే మీ దగ్గరున్నది ఇతరులకూ పంచబడుతుంది, మీ ఐపీ చిరునామా వాళ్లకి తెలియవచ్చు అని అందులో రాసి ఉండేది. నేను అడిగేదీ అదే. ఎందుకంటే డౌన్‌లోడ్ అనే బటన్ ముప్పై ఏళ్లుగా మనకు ఒకవైపు దారి. దాని వెనక గుట్టుగా రెండోవైపు తెరిస్తే ఏమవుతుందో మన దేశంలో చూడండి.

మొబైల్ ప్యాక్ రోజుకు 1.5 జీబీ, 2 జీబీ. అప్‌లోడ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. 700 ఎంబీ దించి, టొరెంట్ మర్యాద ప్రకారం అంతే తిరిగి పంచితే 1.4 జీబీ అయిపోయింది. ఆ రోజుకి 1.5 జీబీ ప్యాక్ దాదాపు ఖాళీ. ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చుకుని పనిచేసేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో మీకు తెలుసు. ల్యాప్‌టాప్‌కి అది వైఫై లాగే కనిపిస్తుంది. విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని మీటర్డ్, అంటే డేటా పరిమితి ఉన్నది, అని మనమే గుర్తుపెడితే తప్ప బ్రౌజర్‌కి చాలాసార్లు తెలియదు.

రెండోది సీజీనాట్. మీ రౌటర్ పేజీ తెరిచి వ్యాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే, మీ చిరునామాను కంపెనీ ఇంకా ఎందరితోనో కలిపి వాడుతోందన్నమాట. అలాంటప్పుడు బయటివాళ్లు మీ దగ్గరికి కనెక్షన్ తేలేరు, రౌటర్లో పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా దండగే. రెండు వైపులా సీజీనాట్ ఉంటే ఆ ఇద్దరూ కలవడం కష్టం. గుంపులో 40 మంది పీర్లు కనిపిస్తారు, నలుగురే కలుస్తారు, వేగం రాదు. మామూలు వాడుకరి దీన్ని ‘ఈ బ్రౌజర్ స్లో’ అంటాడు. కొత్త తరం చిరునామా పద్ధతి ఐపీవీ6 ఉంటే కొంత నయం, అయితే రౌటర్ ఫైర్‌వాల్ బయటి నుంచి వచ్చేవాటిని మామూలుగా ఆపేస్తుంది. అక్కడ ఆ ఒక్క పోర్టుకు అనుమతి ఇవ్వాలి.

మూడోది ఇంట్లో మిగతావాళ్ల గోల. అప్‌లోడ్ నిండిపోతే డౌన్‌లోడ్ కూడా పడిపోతుంది. ఎందుకంటే దిగుతున్న డేటాకి మనం ‘అందింది’ అని తిరుగు కబురు పంపాలి, ఆ కబురు అప్‌లోడ్ వరసలో చివర ఇరుక్కుంటుంది. పక్కగదిలో ఎవరి ఇంటర్వ్యూ వీడియో కాలో తెగిపోతుంది. యూటీపీ దీన్ని తగ్గించడానికే వచ్చింది, వరసలో ఆలస్యం 100 మిల్లీసెకన్లకు చేరుతుంటే తనే వెనక్కి తగ్గుతుంది. టీసీపీలో వచ్చే పీర్లు తగ్గరు. అందుకే మీ అసలు అప్‌లోడ్ వేగం కొలుచుకుని దానిలో 70–80 శాతానికి క్లయింట్‌లో పరిమితి పెట్టండి. చవక రౌటర్‌తో ఇంకో చిక్కు. డీహెచ్‌టీ వందల చిరునామాలతో మాట్లాడుతుంది, ప్రతి మాటకీ రౌటర్ తన పట్టికలో ఒక వరస రాసుకోవాలి. పట్టిక నిండితే నెట్ మొత్తం ఆగినట్టవుతుంది, రీస్టార్ట్ చేస్తే బాగుపడుతుంది, అరగంటకి మళ్లీ అదే. మొత్తం కనెక్షన్లు 100–150కి తగ్గించి చూడండి.

మరి పంచకుండా దించుకుంటే సరిపోదా, బ్రౌజర్ అప్‌లోడ్ సున్నా పెట్టేస్తే పోదా? ఇందాకటి సూత్రం ఇక్కడ అడ్డొస్తుంది. ఇవ్వనివాడికి రాదు. కొందరలా చేస్తే గుంపు భరిస్తుంది. కోట్లమంది వాడే బ్రౌజర్ అలా చేస్తే సీడర్ల మీద పడి మేసేసినట్టే. కాబట్టి బ్రౌజర్‌లో టొరెంట్ పెడితే అప్‌లోడ్ ఉండాలి, అప్‌లోడ్ ఉంటే అడగాలి. ‘అనుమతిస్తారా’ అనే ఒక్క ప్రశ్న చాలదు. ఈ ఫైలుకి ఎంతవరకు, ఏ నెట్‌వర్క్ మీద, డౌన్‌లోడ్ అయ్యాక ఎంతసేపు, ఈ మూడూ మీటల్లా కళ్లముందు ఉండాలి. విండోస్ 10 తన అప్‌డేట్లను పీర్ల ద్వారా పంచే డెలివరీ ఆప్టిమైజేషన్ తెచ్చినప్పుడు మొదట్లో చాలామందికి అది ఆన్‌లో ఉందనే తెలియదు. తెలిశాక గోల చేశారు. ఇప్పుడు లోకల్ నెట్‌వర్క్‌కే పరిమితం చేసే ఎంపికా, నెలవారీ అప్‌లోడ్ పరిమితీ సెట్టింగ్స్‌లో ఉన్నాయి. బ్రౌజర్ ఆ గోల దాకా ఆగకూడదు.

లోకల్ నెట్‌వర్క్ మాట వచ్చింది కాబట్టి, పీర్ల పద్ధతి నిజంగా బంగారమయ్యే చోటు ఒకటి చెబుతాను. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్. 60 సిస్టమ్‌లు, 5 జీబీ ఐఎస్‌ఓ, కాలేజీకి 100 ఎంబీపీఎస్ లైను. ఒక్కొక్కరూ బ్రౌజర్లో లింకు నొక్కితే 300 జీబీ లాగాలి. లైను పూర్తిగా ల్యాబ్‌కే ఇచ్చినా 24,000 సెకన్లు, అంటే 6 గంటల 40 నిమిషాలు. ఒక్క సిస్టమ్‌లో దించితే 6 నిమిషాల 40 సెకన్లు. దాన్ని గిగాబిట్ స్విచ్ మీద ఆ ఒక్క సిస్టమ్ నుంచే అందరికీ కాపీ చేస్తే దాదాపు 40 నిమిషాలు. టొరెంట్‌తో పంచితే ప్రతి సిస్టమూ ఇంకోదానికి ఇస్తుంది కాబట్టి కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది, అడ్డుపడేది స్విచ్ కన్నా ముందు పాత హార్డ్ డిస్కులే.

క్యూబిట్‌టొరెంట్ అనే క్లయింట్‌తో ఇలా చేయండి. అన్నిటిలోనూ క్లయింట్ వేసి, లోకల్ పీర్ డిస్కవరీ టిక్కు ఉందో లేదో చూడండి. మొదటి సిస్టమ్‌లో ఫైలు పూర్తిగా దిగాక అదే టొరెంట్ ఫైలును మిగతావాటిలో తెరవండి. పనిచేయకపోతే ఈ వరసలో చూసుకోండి. విండోస్ ఆ నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని గుర్తించిందా? అయితే లోపలికి వచ్చే కనెక్షన్లను ఫైర్‌వాల్ ఆపుతుంది. వైఫై మీద ఉన్నారా? చాలా యాక్సెస్ పాయింట్లలో క్లయింట్ ఐసొలేషన్ ఆన్ చేసి ఉంటుంది, పక్కపక్క ల్యాప్‌టాప్‌లు కూడా ఒకదాన్నొకటి చూడలేవు. రెండు ల్యాబ్‌లు వేర్వేరు వీల్యాన్‌లలో, అంటే ఒకే స్విచ్ మీద విడగొట్టిన నెట్‌వర్క్‌లలో, ఉన్నాయా? లోకల్ డిస్కవరీ మల్టీకాస్ట్, అంటే ఆ నెట్‌వర్క్‌లోని అందరికీ వేసే కేక, కాబట్టి ఆ గోడ దాటదు. అప్పుడు క్యూబిట్‌టొరెంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఎంబెడెడ్ ట్రాకర్ ఉంది, పోర్టు 9000, అది ఒక సిస్టమ్‌లో ఆన్ చేసి దాని చిరునామాను టొరెంట్‌లో చేర్చండి. అన్నీ కలిసినా వేగం రావడం లేదా? అప్‌లోడ్ పరిమితి పెట్టి ఉంటారు, ‘ల్యాన్ పీర్లకూ పరిమితి వర్తించు’ అనే టిక్కు మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అది తీసేయండి. టొరెంట్ మీద ప్రైవేట్ గుర్తుంటే లోకల్ డిస్కవరీ పనిచేయదు, అదీ చూసుకోండి.

ఇదంతా మామూలు బ్రౌజర్ ట్యాబ్ వల్ల కాదు. మల్టీకాస్ట్ పంపే అధికారం పేజీకి లేదు, ఉండకూడదు కూడా. ఏదో ఒక ప్రకటన మీ ఇంటి నెట్‌వర్క్‌లో ఏ పరికరాలున్నాయో కేకేసి అడగడం మీకిష్టమా?

కాబట్టి బ్రౌజర్ తయారుచేసేవాళ్లు ఏం పెట్టాలంటారు అంటే, నా జాబితా చిన్నది. లింకులోనే హ్యాష్ రాసే వీలు, అది తప్పితే ఫైలు తెరవనివ్వకపోవడం. ఒకే ఫైలుకి నాలుగు మిర్రర్లు, అంటే నకలు ఉన్న సర్వర్లు, చెప్పే వీలు. దీనికి మెటాలింక్ అనే ప్రమాణం ఉంది, 2010లో ఎక్స్ఎంఎల్ రూపంలో, 2011లో హెచ్‌టీటీపీ హెడర్ల రూపంలో ఆర్‌ఎఫ్‌సీలుగా, అంటే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలుగా, వచ్చింది, పెద్ద బ్రౌజర్లు దాన్ని అందిపుచ్చుకోలేదు. ఎక్స్ఎంఎల్ రూపంలో ముక్కలవారీ హ్యాష్ కూడా రాయొచ్చు. ఇవి రెండూ ఉంటే పీర్లు లేకుండానే టొరెంట్ ఇచ్చే నమ్మకం చాలావరకు వస్తుంది, ఎవరి అప్‌లోడూ ఖర్చవదు. పీర్ల భాగం మాత్రం టొరెంట్ గుర్తును మోసే మ్యాగ్నెట్ లింకు ద్వారా విడి క్లయింట్‌కే అప్పగించడం మేలు. ఆ అప్పగింత ఇప్పటికే బ్రౌజర్లలో ఉంది.

ఇక ప్రశ్నలు. ఎవరైనా సరే, లేచి గట్టిగా అడగండి.

ప్రశ్న: సార్, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో పాత తెలుగు పుస్తకాలకి టొరెంట్ లింకు కూడా ఇస్తారు. దాన్ని వాడితే లాభం ఉందా? ఒక్కోసారి 99 శాతం దగ్గర ఆగిపోతోంది.

జవాబు: ఒక్క పీడీఎఫ్ కావాలంటే బ్రౌజర్లో దించుకోండి, టొరెంట్ అక్కర్లేదు. పదుల కొద్దీ సంపుటాలున్న పత్రికల సంచికలైతే టొరెంట్ మంచిది, మధ్యలో తెగినా చింత లేదు. వాళ్లు 2012 నుంచీ టొరెంట్లు ఇస్తున్నారు. వాటిలో ఆర్కైవ్ సర్వర్లే వెబ్ సీడ్‌గా ఉంటాయి, వేరే సీడర్ ఒక్కరూ లేకపోయినా దిగుతుంది. ఇక 99 శాతం సంగతి. టొరెంట్ తయారయ్యాక సర్వర్లో ఏదైనా ఫైలు మారితే దాని ముక్కలకు హ్యాష్ కలవదు, క్లయింట్ తెచ్చి పారేస్తూ, తెచ్చి పారేస్తూ ఉంటుంది. పాత తరహా టొరెంట్‌లో ముక్కకి ఫైళ్ల హద్దులు పట్టవు, ఒకే ముక్కలో ఒక పుస్తకం చివరా పక్క ఫైలు మొదలూ ఉండొచ్చు. మారింది ఎందుకూ పనికిరాని చిన్న ఫైలే అయినా పక్కనున్న పుస్తకం కూడా అసంపూర్తిగా మిగులుతుంది. ఆ టొరెంట్ తీసేసి, పేజీ నుంచి కొత్తది దించి, పాత ఫోల్డర్‌నే చూపించండి. ఉన్నవి సరిచూసుకుని లేనివే తెస్తుంది. రెండో వెర్షన్ టొరెంట్లలో ప్రతి ఫైలుకీ హ్యాష్ వేరుగా, షా-256తో ఉంటుంది, అక్కడ ఈ బాధ లేదు.

ప్రశ్న: సార్, టొరెంట్ వాడటమే నేరం అంటారు, నిజమేనా?

జవాబు: పద్ధతి నేరం కాదు. ఉబుంటు, డెబియన్ వాళ్లే టొరెంట్లు ఇస్తున్నారు. హక్కులున్న సినిమానో సాఫ్ట్‌వేరో పంచితే 1957 కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ కిందికి రావచ్చు, 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి ఉంది. దించుకుంటున్నానంతే అనుకునే మనిషి టొరెంట్‌లో అదే సమయంలో పంచుతున్నాడు కూడా. బ్రౌజర్ గుట్టుగా అప్‌లోడ్ చేయకూడదని నేను అంటున్నదానికి ఇదీ ఒక కారణం. వాడుకరికి తెలియకుండా అతన్ని పంపిణీదారుణ్ని చేయకూడదు.

ప్రశ్న: బ్రౌజర్లో దించిన 6 జీబీ ఐఎస్‌ఓకి చెక్‌సమ్ కలవలేదు సార్. మళ్లీ మొత్తం దించడం తప్ప దారి లేదా?

జవాబు: ఉంది. అదే ఫైలుకి అదే ప్రాజెక్టు ఇచ్చిన టొరెంట్ ఫైలు తీసుకోండి. వెర్షన్ అచ్చంగా ఒకటే అయి ఉండాలి, పేరులో ఒక్క అంకె తేడా ఉన్నా వద్దు. మీ ఐఎస్‌ఓ పేరు టొరెంట్‌లో ఉన్న పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. బ్రౌజర్ చివర బ్రాకెట్లో 1 అని చేర్చి ఉంటే తీసేయండి. క్యూబిట్‌టొరెంట్‌లో టొరెంట్ తెరిచేటప్పుడు సేవ్ చేసే చోటుగా ఆ ఐఎస్‌ఓ ఉన్న ఫోల్డర్‌నే ఇవ్వండి. స్టార్ట్ టొరెంట్ టిక్కు తీసేసి చేర్చండి, ఆ తర్వాత కుడి క్లిక్ చేసి ఫోర్స్ రీచెక్ నొక్కండి. 24,576 ముక్కలూ ఒక్కొక్కటే సరిచూస్తుంది, హార్డ్ డిస్క్ అయితే నిమిషం పైనే పడుతుంది. 99.9 శాతం దగ్గర ఆగితే పాడైనవి కొద్ది ముక్కలే అన్నమాట. సున్నా చూపిస్తే పేరో ఫోల్డరో తప్పు, ఫైలు జోలికి వెళ్లకండి, అది సరిచేయండి. అప్పుడు స్టార్ట్ నొక్కండి. రెండు ముక్కలే పోతే తెచ్చుకునేది 512 కేబీ.